గుడ్డకంటిన తెలుపు

మా కొట్లో కారు తుడిచే గుడ్డలూ, పాలిష్‌లూ, సీటు కవర్లూ అమ్ముతాం. మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్తే నేనొక్కదాన్నే ఉంటాను. ఆ వేళ చూసుకుని బావ వచ్చాడు. తెల్ల కారు కొట్టు ముందే ఆపాడు. ముందు సీట్లో ఉన్న అక్క దిగలేదు. చెయ్యి ఊపితే తల మాత్రం ఆడించింది.

"ఏమ్మా మౌనమునీ, బోణీ అయిందా?" అన్నాడు బావ. నవ్వాడు గానీ కళ్లు వీధి మీదే ఉన్నాయి. "తెల్ల రంగుకి ఏది మంచిది, వ్యాక్సా సీలెంటా? కారంతా ఒక్కలా మెరవాలి."

"వ్యాక్స్ తొందరగా పోతుంది బావా. సీలెంటైతే నెలల తరబడి ఉంటుంది. ఈమధ్య పెయింటేమైనా వేయించారా?"

ఎవరొచ్చినా నేనడిగే ప్రశ్నే అది. కొత్త రంగు లోపల ఆరడానికి వారాలు పడుతుంది. ఈలోగా పైన సీలెంటు పూస్తే ఆవిరికి దారి లేక రంగు పొక్కుతుంది.

"లేదు లేదు," అన్నాడు బావ, నా మాట పూర్తవకముందే.

అమ్మేముందు కాస్త రాసి చూపించడం మా కొట్టు పద్ధతి. నల్ల గుడ్డ మీద రంగులేని పాలిష్ చుక్క వేసుకుని, ముందు చక్రం పైనున్న రేకు మీద రుద్దాను. తిప్పి చూస్తే గుడ్డ తెల్లగా ఉంది.

కంపెనీ రంగు మీద గాజులాంటి పొర ఉంటుంది. రుద్దితే మురికి వస్తుంది తప్ప రంగు రాదు. తలుపు మీద రుద్దాను. రాలేదు. మళ్లీ రేకు మీద రుద్దాను. వచ్చింది. అక్కడ మాత్రం ఈమధ్యే కొత్తగా రంగు వేయించారు.

పోయిన వారం తెల్లవారుజామున, ఎదురుగా ఉన్న టీ కొట్టు బాబాయిని ఏదో తెల్ల కారు గుద్ది ఆగకుండా పోయింది. తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పట్నుంచి ఈ వీధిలోకి తెల్ల కారు వస్తే చాలు, మాటలు ఆగిపోతున్నాయి.

"బావా, మీరేనా..."

"నెమ్మదిగా మాట్లాడు." బావ చూపు ముందు సీటు వైపు వెళ్లింది. "మీ అక్క కారు నేర్చుకుంటానంటే తెల్లారుజామున తీసుకెళ్లాను. అది ఆపుతానంది. నేనే పోనిమ్మన్నాను. ఏదో ఒకటి పూసెయ్యవే, నీకు దణ్ణం పెడతా."

అప్పుడే టీ కొట్టు పిన్ని ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. బాబాయి లేకపోయినా కొట్టు ఆవిడే నడుపుతోంది. వస్తూనే ఆ రేకు మీదే చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏం అమ్మడూ, టీ పోయనా? ఈమధ్య తెల్ల కారు కనబడితే గుండె ఝల్లుమంటోందే. మీ బావని చూశాక కుదుటపడ్డాను." బావ వైపు తిరిగింది. "ఇంత మెరుస్తుంటే దీనికింకా పూతలెందుకయ్యా? దిష్టి తగుల్తుంది!"

బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కారు తలుపు తెరుచుకుంది.

"నువ్వు లోపల కూర్చో," అన్నాడు బావ.

అక్క విననట్టే వచ్చి పిన్ని ఎదురుగా నిలబడింది.

"ఏంటే, ముఖంలో నెత్తురు చుక్క లేదు? ముందిది తాగు," అంటూ పిన్ని గ్లాసులోకి టీ వంచింది.

అక్క గ్లాసు అందుకోలేదు. "పిన్నీ, ఆ రోజు బాబాయిని గుద్దింది నేనే."

టీ గ్లాసు నిండి, పిన్ని వేళ్ల మీదుగా కారిపోతూనే ఉంది. ఆవిడకి తెలియలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూసి చివరికి నా దగ్గర ఆగింది.

"నీకూ తెలుసా?"

ఇప్పుడే తెలిసిందని చెప్పాలనుకున్నాను.

పిన్ని వీధి వైపు తిరిగి, పెద్దగా గొంతెత్తి అందరినీ పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో కొట్లోంచీ మనుషులు బయటికొస్తున్నారు. బావ "కారెక్కు, కారెక్కు" అంటున్నాడు. అక్క కదల్లేదు. నేను వెళ్లి అక్క చెయ్యి పట్టుకున్నాను.