ఆఖరి వెర్షన్

అదే వెబ్ పేజీ అయితే ఈపాటికి దిద్దేసి టీ తాగుతూ ఉండేవాడు, సిరొంచ బస్టాండులో ఈ వానలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఆలాపల్లి బస్సు కోసం కళ్లు కాయలు కాసేలా చూసే ఖర్మ ఉండేది కాదు, చంద్రపూర్లో వెబ్‌సైట్లు చేసిన రోజులే రోజులు అనుకున్నాడు వినయ్‌కుమార్, అక్కడ ఒక మాట మారిస్తే నాగపూర్లో చూసేవాడికి అప్పుడే మారిపోయేది, తప్పు రాసినా ఎవరి కంటా పడకముందే తుడిచేయొచ్చు, ఈ ఫోన్ అప్లికేషన్ అట్లా కాదే, ఒక ఫోన్లో చక్కగా కనబడ్డ తెలుగు ఇంకో ఫోన్లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు, ఎక్కించబోతే నిన్ను నమ్మొచ్చా అని ఫోనే ఎదురడుగుతుంది, పిల్లనిచ్చేవాళ్లు కూడా అన్నిసార్లు అడగరు, చిన్న తప్పుకైనా మళ్లీ అంతా కొత్తగా తయారుచేసుకుని ఊరూరూ తిరిగి ఫోన్ ఫోన్‌కూ ఎక్కించి రావాలి, ఇప్పుడు టీకాల తేదీ ఒకటి తప్పు పడుతోందని పొద్దున్నే ఆఫీసు కబురు, భామ్రాగడ్ అవతల సిగ్నల్ లేదు కాబట్టే ఆ తేదీలు నర్సుల ఫోన్లలోనే ఉండాలని కంపెనీ ఇది చేయించింది, ఆ నర్సుల్లో సరిత ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సరిత నవ్వుతూ, మీ సాఫ్ట్‌వేర్ కంటే మా మేకలు నయం సార్, చెప్పిన మాట ఇంటయి, జర చాయ్ తాగి పోండ్రి, అని ఎన్నిసార్లు అంది, పోయినప్పుడల్లా వాగు దాకా తోడొచ్చేది, పోయినసారే రాలేదు, ఎందుకొస్తుంది, ఇగ పరేషాన్ లేదు మేడం, ఇదే ఆఖరి వెర్షన్, మళ్ల నేను వచ్చే పని పడది, అని తనే గొప్పగా చెప్పాడు కదా, మంచిది సార్, అని ఆమె ఫోన్ తీసుకుని లోపలికి పోయింది, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం, ఆ ఒక్క మాట ఆమె మనసులోంచి తీసేయాలని ప్రాణం కొట్టుకుంటోంది, ఆమె ముందు నిలబడాలని ఉంది, అంతే.

ఫోన్ మోగింది, ఆఫీసు నుంచి గౌరవ్, అరే వినయ్, పోకు, తప్పు మన ఆఫీసు ఫోన్లనే ఉన్నదట, నర్సుల ఫోన్లల్ల తారీఖులు సక్కగనే పడుతున్నయి, ఇంటికి పో, అన్నాడు, సంతోషించాల్సింది పోయి బస్సు ఇంకా రాలేదేమని రోడ్డు వైపే చూశాడు, అప్పుడు తెలిసింది, పొద్దున తప్పు దొరికిందన్నప్పుడు తిట్టుకుంటూనే తను ఇస్త్రీ చొక్కా వెతుక్కున్నాడు, తిరగలేక చస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ ఆ తిరుగుడు కోసమే బతుకుతున్నాడు, ఆలాపల్లి బస్సు వచ్చి ఆగింది, ఎక్కాడు, ఏం ఖరాబైంది సార్ అని ఆమె అడుగుతుంది, ఏం కాలేదనే చెప్పాలి, నిన్ను చూడక ఉండబుద్ధి అయితలేదు, అందుకే వచ్చిన, అని.