అడగకముందే

ఆలూరులో ఓబులమ్మ ఇంట భోజనానికి కూర్చున్నవాళ్ళు నోరు తెరిచి ఇంకో రొట్టె అడిగింది లేదు. పళ్ళెం వైపు చూసి, ఆకలెంతో కనిపెట్టి వడ్డించే చెయ్యి ఆమెది. కోతలకొచ్చిన కూలీలు కూడా ఆ మాటే చెప్పుకునేవారు. ఆ చేతికిందే పెరుగుతున్న మనవరాలు ప్రియకు రెండున్నరేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు.

"వినికిడి బాగుంది. అడగాల్సిన అవసరం మీరు రానిస్తే గదా," అంది కర్నూలులో మాటలు నేర్పే డాక్టరమ్మ. "అన్నమైనా, స్నానమైనా సగంలో ఆపండి. 'ఇంకా?' అని ఒకసారి మీరు అడిగి, మనసులో పది లెక్కపెట్టండి. మాటో, సైగో, ఏదో ఒకటి బయటికొస్తుంది." నెల తర్వాత మళ్ళీ తీసుకురమ్మంది.

ఇరవై రోజులు గడిచాయి. కోడలు నాగజ్యోతికి కాలు నిలవడం లేదు. ప్రియకన్నా చిన్నదైన పక్కింటి పిల్ల గోడవతల "నాయనా, నాయనా" అని పిలుస్తుంటే, వెళ్ళి కిటికీ మూసేసింది.

ఆ పొద్దున జొన్నరొట్టె తుంచి, వెన్న అద్ది ఒక ముక్క పెట్టింది. రెండోది చేతిలోనే పట్టుకుని "ఇంగా?" అంది. ప్రియ ముక్క వైపు చూసింది, తల్లి మొహం వైపు చూసింది. పెదవి వణికింది. ఆరు దగ్గర నాగజ్యోతి చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"బిడ్డ చేత అడుక్కు తినిపిస్తాండావా, మన ఇంట్లో?" అంది పొయ్యి దగ్గర్నుంచి ఓబులమ్మ. "పోనీ, ఆ పదన్నా లెక్కపెట్టినావా? నీ పెదాలు చూస్తానే ఉండా. ఆరుకే ఇచ్చేస్తివి."

"నువ్వు రెండు దాకా గూడా ఆగవు గదత్తా!"

"నేనా? నేనాగలేనా? నీళ్ళు కాగినాయి, పట్రా బిడ్డను."

బచ్చలింట్లో పీట మీద కూర్చోబెట్టి రెండు చెంబులు పోసింది. మూడోది పైకెత్తి ఆపింది. "ఇంగా?"

నీళ్ళు రాకపోయేసరికి ప్రియ కళ్ళు నులుముకుని తలెత్తింది. ఏడు. ఎనిమిది. చెంబు అంచున నీళ్ళు తొణుకుతున్నాయి.

"నీళ్ళు పొయ్యత్తా, సలికి..." నాగజ్యోతి ముందుకు అడుగేసింది. ఓబులమ్మ రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

పది దాటింది.

ప్రియ రెండు చేతులూ చెంబు వైపు చాచింది. "ఇం... గ."

చెంబెడు నీళ్ళూ ఒక్కసారిగా కుమ్మరించింది ఓబులమ్మ. పిల్ల ఉక్కిరిబిక్కిరై, ఆపైన కిలకిల నవ్వింది. నాగజ్యోతి గడప మీద అట్లాగే కూలబడింది.

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ చెంబు ముంచి, పైకెత్తి, పోయకుండా పట్టుకుంది.