పుర్రచెయ్యి

ఓట్ల రోజు కూడా పొద్దున్నే షెడ్డు తెరిచింది టైలరమ్మ. రెండు చొక్కాలకు కాజాలు కుట్టి, అప్పుడు బయల్దేరింది. బజారు వెనకున్న ఆ రేకుల షెడ్డులో ఆడవాళ్ళు మిషన్లు వేసుకుని బతుకుతున్నారు. ఓట్లలో నిలబడ్డ కాంట్రాక్టరు గెలిస్తే దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకుంటాడట. టైలరమ్మ మొగుడు తిరిగేది ఆ కాంట్రాక్టరు వెనకాలే. "మా ఇంటి ఓట్లు నా చేతిలో ఉన్నాయన్నా" అని మాటిచ్చేశాడు కూడా.

ఊరికే అన్న మాట కాదది. ఆ ఊళ్ళో అంతే మరి. ఓటేసే గది గడప దాటగానే ఆడదాని కుడిచెయ్యి మొగుడి చెయ్యి అయిపోతుంది, ఉంగరంతో సహా. బయటికొస్తే తన చెయ్యి తనకొస్తుంది. అందాకా మగవాళ్ళు గోడ పక్కన, కుడివైపు ఖాళీ చొక్కా చేతులు వేలాడేసుకుని కబుర్లాడుకుంటారు.

"మా ఆయన ఈసారైనా గోళ్ళు తీసుకున్నాడో లేదో!" వరసలో పక్కింటావిడ నవ్వింది.

"నీకు నవ్వెలా వస్తోంది వదినా? రేపు మిషన్లు నెత్తినెట్టుకుని ఎక్కడికి పోతాం?"

"మన చేతిలో ఏముందమ్మా!"

లోపల టైలరమ్మ కుడి మణికట్టు చల్లబడింది. మొగుడి చెయ్యి, సిగరెట్టు వాసనతో, తనంతట తనే కాంట్రాక్టరు గుర్తువైపు పోతోంది.

ఆమెది పుర్రచెయ్యి. అమ్మ తిట్టి, కొట్టి ఎడమచేత్తో తినడం మాన్పించింది గానీ, కత్తెర మాత్రం ఈనాటికీ దాంతోనే పట్టుకుంటుంది. ఆ చేతిని ఎవడూ లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని వేరే గుర్తు మీటవైపు చాచింది. మొగుడి చెయ్యి గిరుక్కున తిరిగి ఆ మణికట్టు పట్టుకుంది, ఎముక విరిగేలా. అరిస్తే ఎవరొస్తారు? వచ్చి ఏ చేతిని పట్టుకుంటారు?

వంగి, దారం తెంపినట్టు కసుక్కున కొరికింది. పట్టు సడలింది. ఎడమచేత్తో తను అనుకున్న గుర్తు నొక్కింది.

బయట మొగుడు అప్పుడే తిరిగొచ్చిన చేతిని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. బొటనవేలి కింద పంటిగాట్లు, నెత్తురు.

"ఎవరికేశావ్?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అడగాల్సిన అవసరం అతనికి రాలేదు.

"చెప్పను పొండి."

పక్కింటావిడ ఆ గాట్లు చూసింది. తన ఎడమచెయ్యి ఒకసారి చూసుకుంది. లోపలికెళ్ళింది.

కాసేపటికి, గోడ పక్కనున్న ఆమె మొగుడు "అబ్బా!" అని అరిచాడు. ఆ తర్వాత ఇంకొకడు. సాయంత్రం దాకా ఆ అరుపులు ఆగలేదు. షెడ్డు నిలబడింది.