ముందు చక్రం లేస్తే

ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి హోనామి చెయ్యి ఆమె మాట వినడం మానేస్తోంది. పొద్దున్నించీ ఇదే తంతు. టెస్ట్ ట్రాక్ చివరి మలుపు మీద పైపులు పెట్టి నీళ్లు పారిస్తున్నారు. ఆమె చేయాల్సిందల్లా ఆ తడి మీద మోటార్‌సైకిల్‌ని వాల్చి, యాక్సిలరేటర్‌ని పూర్తిగా తిప్పేసి, వెనక చక్రం జారబోతే దాన్ని అదుపు చేసే కంప్యూటర్, అదే ట్రాక్షన్ కంట్రోల్, పట్టుకుంటుందో లేదో చూడటం. పూర్తిగా తిప్పడం ఉంది చూశారూ, అక్కడే వస్తోంది చిక్కు. సగం తిప్పేసరికి చెయ్యి దానంతటదే వెనక్కి తిరిగిపోతోంది.

పోయిన శరత్కాలం దాకా ఆమె ఇలా లేదు. కంపెనీలో కొత్త బండి ఏది తయారైనా మొదట ఎక్కే కొద్దిమందిలో ఆమె ఒకతె. అప్పుడే, ముందు చక్రాన్ని గాల్లోకి లేపే పరీక్షలో బండి వెనక్కి తిరగబడింది. విరిగిన భుజం ఎముక అతుక్కుంది. భయం మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె చక్రం లేపిన పాపాన పోలేదు. ఇవాళ పొద్దున కూడా ఆ పరీక్షను బృందం పెద్ద కురాషిగె తనే చేశాడు. నెరిసిన జుట్టు, పాత రేసర్, నోరు మహా చెడ్డది.

"మా అత్తగారి స్కూటర్ ఇంతకంటే గట్టిగా జారుతుందమ్మాయ్," అన్నాడు, ఆమె వచ్చి బండి ఆపగానే. "కంప్యూటర్ ఉంది కదా పట్టుకోడానికి. నీకేం పోయింది?"

"తెలుసండీ. కానీ చెయ్యి రావట్లేదు."

"సరే, ఇదే ఆఖరు. ఇప్పుడూ తిప్పలేకపోతే వచ్చే వారం నుంచి ఆఫీసులో కూర్చో. అక్కడ కుర్చీలు జారవులే."

మెకానిక్ తొబితా పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. హోనామికి మొహం కాలిపోయింది. ఆ సీటు తప్ప ఆమెకు వేరే చదువు లేదు, వేరే ఇష్టమూ లేదు. దీన్ని కూడా పిరికితనానికి ధారపోసి ఏం చేసుకుంటుంది? హెల్మెట్ బిగించుకుని మళ్లీ బయల్దేరింది.

ఈసారి మలుపు కంటే ముందే, పొడిగా ఉన్న తిన్నని దారిలోనే చెయ్యి అలవాటు చేసుకుందామని గట్టిగా తిప్పింది. ముందు చక్రం తేలికైంది. హ్యాండిల్ చేతుల్లో పట్టు లేకుండా ఊగింది. ఆమె యాక్సిలరేటర్ వదిలేసింది. చక్రం దబ్బున నేలకు దిగింది.

చక్రం లేవకూడదే.

ఇందులో పెద్ద మర్మం ఏమీ లేదు. కంట్రోల్ అనేది రెండు చక్రాల వేగాలనూ పోల్చి చూసుకుంటుంది. ముందుది గాల్లోకి లేస్తే దాని వేగం పడిపోతుంది. వెనకది జారుతోంది కాబోలు అనుకుని కంప్యూటర్ ఇంజన్ గొంతు నొక్కేస్తుంది, లేవబోయిన చక్రం కిందికొచ్చేస్తుంది. అందుకే చక్రం లేపే పరీక్షకు ఒక బటన్ నొక్కి దాన్ని ఆపేసుకుంటారు. పొద్దున కురాషిగె కూడా ఆపుకునే చేశాడు. తర్వాత తొబితా ఇంజన్ ఆపి, తాళం తీసి మళ్లీ వేసి, అక్కడి ఆనవాయితీ ప్రకారం మీటరు వైపు వేలు చూపించి, "కంట్రోల్ ఉంది, సరే" అని గట్టిగా పలికాడు. తాళం తీసి వేస్తే కంట్రోల్ దానంతటదే తిరిగొస్తుందని ఆ ట్రాక్‌లో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు.

మరి చక్రం ఎందుకు లేచినట్టు?

లేచిందా అసలు? లేక తన భయమే లేపిందా? పొద్దున్నించీ ఆమె మనసు సాకులు వెతుక్కుంటూనే ఉంది, ఇది ఇంకోటి కాదని నమ్మకమేంటి? తడి మలుపు దగ్గరపడుతోంది. ఆమె బ్రేకు వేసి, వెనక్కి తిప్పుకొచ్చేసింది.

"కంట్రోల్ లేదండీ ఇందులో," అంది హెల్మెట్ తీస్తూ. "ముందు చక్రం లేచింది."

"లేచిందా, లేచినట్టు అనిపించిందా?" అన్నాడు కురాషిగె.



"తాళం తీసి వేశాను కదమ్మా," అన్నాడు తొబితా. "వేలు పెట్టి మరీ చెప్పాను."

"కంట్రోల్ ఆగితే వెలిగే దీపం చూశావా?" అని అడిగింది హోనామి.

దీపం ఎలా కనిపిస్తుంది? అది ఉన్న మీటరు మీద పరీక్ష లెక్కలు రాసుకునే పెట్టె బిగించి ఉంది. అది ఊడదీస్తే పొద్దుటి లెక్కలన్నీ పోతాయి. బటన్ నొక్కుదామా అంటే, ఉన్నది పోతుందో పోయినది వస్తుందో దీపం చూడకుండా చెప్పలేరు.

"దీని భయానికి పూటంతా చేసిన పని పారబోయమంటావా?" కురాషిగె తొబితాతో అని, విసుగ్గా లేచి తన హెల్మెట్ అందుకున్నాడు. "తప్పుకో అమ్మాయ్. నేనే తిప్పుతాను."

అప్పుడు హోనామికి పట్టుకుంది అసలు భయం. ఈయన చెయ్యి ఆగే రకం కాదు. తడి మీద బండిని వాల్చి ఒక్కసారిగా తిప్పేస్తాడు. కంట్రోల్ గనక లేకపోతే వెనక చక్రం జారి, మళ్లీ పట్టు దొరికి, బండి ఆయన్ని గాల్లోకి విసిరేస్తుంది. ఆ వయసులో అలా పడితే లేవరు. ఆమె వెళ్లి హ్యాండిల్ పట్టుకుంది.

"ఒక్కసారి నన్ను పోనివ్వండి. మలుపులోకి కాదు, ఈ పొడి దారి మీదే. పూర్తిగా తిప్పుతాను. కంట్రోల్ ఉంటే చక్రం లేవదు. లేవకపోతే ఆఫీసు కుర్చీ నేనే అడిగి పుచ్చుకుంటాను."

"లేస్తే?" అన్నాడాయన. "పడిందగ్గర్నించీ నువ్వు చక్రం లేపలేదు."

"లేపలేదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి పక్కకు జరిగాడు.

దారి మొదట్లో బండి ఆపి ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. అందలేదు. భుజంలో అతుకు పడ్డచోట ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. అమ్మా, నా వల్ల కాదు, అంది హెల్మెట్‌లో. కాదంటే ఆ ముసలాయన ఎక్కుతాడు. క్లచ్ వదిలింది. గేరు మార్చింది. కళ్లు మూసుకోవాలనిపించింది, మూయలేదు. పూర్తిగా తిప్పేసింది.

ముందు చక్రం లేచింది. ఆగలేదు. రోడ్డు కనిపించకుండా పోయింది, హెడ్‌లైట్ ఆకాశం వైపు తిరిగింది. పోయినసారి కూడా ఇలాగే, సరిగ్గా ఇలాగే. కేక పెట్టింది. కేక పెడుతూనే వెనక బ్రేకు మీద కాలు నొక్కి, యాక్సిలరేటర్‌ని కొద్దిగా, కొద్దికొద్దిగా వెనక్కి తిప్పింది. చక్రం గాల్లో ఒక్క క్షణం తటపటాయించి కిందికి దిగింది.

ఆమె తిరిగొచ్చింది. కురాషిగె తనే స్క్రూడ్రైవర్ పట్టుకుని పెట్టె ఊడదీశాడు. కింద పసుపు దీపం వెలుగుతోంది. కంట్రోల్ లేనప్పుడు వెలిగే దీపం అది. తాళం తీసినా ఆ పెట్టె తన బ్యాటరీతో మీటరుకు కరెంటు ఇస్తూనే ఉంది, ఆపిన కంట్రోల్ ఆపినట్టే ఉండిపోయింది. పొద్దున్నించీ ఆమె తడి మీద తిరిగింది ఉత్త బండితోనే. ఆ చెయ్యి వెనక్కి తిరగబట్టే బతికింది. తొబితా మొహంలో రక్తం లేదు.

"పొద్దున్నించీ నిన్ను తిప్పమన్నాను," అన్నాడు కురాషిగె. "తిప్పి ఉంటే."

హోనామి బండి దిగకుండా అలాగే కూర్చుంది.

"బటన్ నొక్కండి," అంది. "వెళ్లొస్తాను."

"ఎక్కడికి? పెట్టె లేదు. ఏ లెక్కా రాదు. ఇవాల్టికి చాలమ్మాయ్, ఇంటికెళ్లు."

"ఇంటికెళ్లి పడుకుంటే రేపు రానండీ. నాకు తెలుసు."

ఆయన బటన్ నొక్కి పట్టుకున్నాడు. దీపం ఆరింది. అందరూ వంగి చూశారు, ఆమె కూడా కళ్లారా చూసుకుంది. తర్వాత బయల్దేరింది.

తడి మలుపులో బండిని వాల్చింది. పళ్లు కరుచుకుని, ఏడుస్తూ, పూర్తిగా తిప్పింది. వెనక చక్రం పక్కకు జారింది. ఇంజన్ ఒక్కసారి గుటకలు మింగి దగ్గింది, చక్రం మళ్లీ నేలను పట్టుకుంది, బండి మలుపు దాటింది. ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం వెనక్కి తిరగలేదు.