పెంకు మీద షుక్రియా

మా ఓనరు ఆనంద్ బాబు నన్ను కొరియాకు పంపుతానన్నప్పుడు మొహం మీదే కుదరదని చెప్పాను. మార్కాపురం రాతి పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా చెకింగు చేసేవాణ్ణి నేను. పెట్టెలోకి పోయే ప్రతి పలకా నా చేతుల మీదుగా పోవాల్సిందే. గ్యోంగ్జు అనే ఊళ్ళో ఎవరో హోటలు ఆవరణంతా మన రాయి పరిపించుకుంటున్నారట. రాయి తెలిసినవాడు పది రోజులు దగ్గరుండాలట. అదంతా సరే. ఇంట్లో తరన్నుమ్‌కు ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు నాలుగో నెల దాటలేదు. ఈసారి మంచం దిగొద్దని ఒంగోలు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అలాంటి భార్యను వదిలి నేను విమానం ఎక్కుతానా?

ఎక్కించింది తరన్నుమే.

"నువ్వు ఇంట్లో ఉండి ఏం జేస్తావు? గంటకోసారి కడుపు మీద చెయ్యి పెట్టి కదిలిందా కదిలిందా అని నా ప్రాణం తోడేస్తావు. పో. ఆ ఊరు నేను సీరియళ్ళలో చూసినా. ఫోన్లో అంతా చూపించు. పండుకోని పండుకోని ఈ రేకులు చూడలేక సస్తాండా," అంది.

"నేను లేనా, పో నాయనా," అంది మా అమ్మ ఖాతూన్బీ కూడా. ఆ ఇద్దరూ ఒకటైతే మా ఇంట్లో ఇంక నా మాట చెల్లదు.

తొమ్మిది రోజులు పనిలోనే గడిచాయి. పదో రోజు సెలవు. వాళ్ళకు పదిన్నర అయితే మనకు పొద్దున ఏడు. తరన్నుమ్ టీ తాగి, దిండుకు ఆనుకుని, ఫోను ముందు పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఊరు చూస్తున్నది నేనైనా తిప్పింది ఆమే.

ముందు ఊరి నడుమ ఉన్న పచ్చటి గుట్టల దగ్గరికి పొమ్మంది. నున్నగా, గడ్డి కప్పుకుని, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఇవేం గుట్టలో అనుకుంటే, పాతకాలం రాజుల సమాధులని ఆమే చెప్పింది.

"కబరస్తాన్‌లోకి పోయినప్పుడు సలాం చెప్పాలని తెలీదా?" అని ఫోన్లో ఆమె వెనకనుంచి అమ్మ కసిరింది.

గట్టిగా సలాం చెప్పాను. పక్కన ఫొటోలు దిగుతున్న అమ్మాయిలు తమకే చెప్పాననుకుని, అద్దెకు తెచ్చుకున్న పాతకాలపు పట్టు గౌన్లు ఎత్తిపట్టుకుని, నడుం వంచి మరీ నాకు దణ్ణం పెట్టారు. ఫోన్లో తరన్నుమ్ కడుపు పట్టుకుని నవ్వింది. "నవ్వించొద్దయ్యా, డాక్టరమ్మ తిడుతుంది," అంటూనే నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో. అందుకైనా ఆ ఊరికి నేను రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత నక్షత్రాలు చూడటానికి ఎప్పుడో కట్టిన రాతి గోపురం. పద్నాలుగు వందల ఏళ్ళ నాటిదట. నేను కంచె దగ్గర వంగి రాయికీ రాయికీ మధ్య సందు చూస్తుంటే, "నువ్వు పోయింది చెకింగుకు కాదు, నాకు పైన కిటికీ చూపించు," అని అదిలించింది. ఆ వీధి, ఈ వీధి తిప్పి, ఎర్ర గింజల ముద్ద పెట్టి కాల్చిన గుండ్రటి రొట్టె కొనిపించింది.

"ఎట్ల ఉంది?"

"మన పూర్ణం మాదిరే ఉంది. తీపి తక్కువ."

"ఇంకోటి తిను, నా వంతు," అంది. తిన్నాను.

చివరికి బస్సెక్కి కొండ మీది గుడికి పోయాను. చెట్ల నీడ, నీళ్ళ చప్పుడు, మనుషులున్నా గోల లేదు. ఒక పక్క గుడి పైకప్పు బాగు చేస్తున్నారు. మేస్త్రీలు కింద పేర్చిన పెంకులు పైకి మోస్తున్నారు. నల్లటి పెంకులు, అచ్చం మన పలక రంగు. దగ్గరికి పోయి చూస్తే వాటి మీద తెల్లగా ఏవో రాతలు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో కోత కోసేవాళ్ళు పలక మీద సుద్దతో సైజు రాస్తారు. ఆ రాత తుడవకుండా పలకను పెట్టెలో పెడితే పెట్టె మొత్తం వాపసు వస్తుంది. అందుకని నా జేబులో ఎప్పుడూ తడిగుడ్డ ఉంటుంది. పలక మీద రాత కనపడితే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇంత మంచి గుడికి గీతలున్న పెంకులు ఎక్కిస్తున్నారే, చూసేవాడే లేడా అని విసుక్కుంటూ, ఎడమ చేత్తో ఫోను పట్టుకునే కుడిచేత్తో ఒక పెంకు తుడిచాను. రంగు ఇంకా పచ్చిగా ఉంది, ఒక్క రాపుకే పోయింది.

"వద్దు! తుడవొద్దు!" అని ఫోన్లోంచి కేక. "ఏం జేసినావయ్యా! అవి మొక్కులు. జనం మనసులో మాట రాస్తే ఆ పెంకు గుడి మీద కప్పుతారు. సీరియల్లో చూసినా నేను!"

రెండుసార్లు ఆస్పత్రి వరండాలో నిలబడినవాణ్ణి, అలాంటి చోట మనిషి ఎంత గట్టిగా కోరుకుంటాడో నాకు తెలుసు. ఎవరు ఎవరి ప్రాణం కోసం రాశారో, నేను గుడ్డతో తుడిచి పారేశాను. ఆ ఉసురు మా బిడ్డకు తగులుతుందేమోనని భయం వేసింది. పైకి చెప్పలేదు గానీ, ఫోన్లో తరన్నుమ్ ముఖంలోనూ అదే భయం.

పెంకులు రాయించే బల్ల దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆమె తన భాషలో ఏదన్నా చెబితే చేతిలో ఫోను దాన్ని తెలుగులోకి మార్చి వినిపిస్తోంది. ఆ పెంకు రాసిన పెద్దావిడ లోపల దణ్ణం పెట్టుకుంటోందని చెప్పింది. మేస్త్రీ ఆ వరస కోసం వచ్చేశాడు. నేను ఆ పెంకును గుండెలకు హత్తుకుని, ఇచ్చేది లేదన్నట్టు తలూపాను. నన్ను చూసి అతను పక్క వరస తీసుకుని పోయాడు.

ఆవిడ బయటికొచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, వీపుకు సంచి.

"హల్మోని అని పిలువు, అంటే అవ్వా అని," అని తరన్నుమ్ నేర్పింది.

పిలిచాను. ఖాళీ పెంకు చూపించి చేతులు జోడించాను. ఎందుకు తుడిచానో, మా ఊళ్ళో నా పనేమిటో అంతా ఆ అమ్మాయి ఫోన్లోనే చెప్పుకున్నాను. ఆవిడ పెంకు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత ఆ అమ్మాయి పట్టుకున్న ఫోన్లోకి తనే నెమ్మదిగా మాట్లాడింది. తెలుగులో ఇలా వచ్చింది: "మూడేళ్ళు మా మనవరాలి జబ్బు తగ్గాలని రాశాను. ఈ ఏడు తగ్గింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాను. వినాల్సినవాళ్ళు నేను రాస్తుండగానే విన్నారు. నీవు భయపడవద్దు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కసురుకుంటుందనుకుంటే కడుపులో పెట్టుకుంది. ఫోన్లో తరన్నుమ్‌ను, ఆమె పొట్టను చూసి చెయ్యి ఊపింది. మళ్ళీ రాసుకుంది, ఈసారి పై సగంలోనే. కింది సగం చూపించి పెన్ను నా చేతికిచ్చింది.

నేను తటపటాయించాను. "రాయి నాయనా, పెద్దామె మనసు నొప్పించొద్దు. మన మాట మన అల్లాకే పోతుందిలే," అంది అమ్మ.

"ఏం రాస్తాండావు?" అని అడిగింది తరన్నుమ్.

"ఈ బిడ్డ నిలవాలని."

"అడిగేది దువాలో పొద్దూ మాపూ అడుగుతానే ఉన్నాం గదా. దాని మీద షుక్రియా రాయి."

"ఇంకా పుట్టనే లేదు గదే?"

"ఏడు నెలలు నా దగ్గర ఉంది గదా, దానికి," అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ముగ్గురికీ రాయి."

ముందు పోయిన ఇద్దరి మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. తరన్నుమ్ మరిచిపోవాలని నేను ఎత్తేవాణ్ణి కాదు, నేను బాధపడతానని తనూ ఎత్తలేదు.

"వాళ్ళూ ఉన్నన్నాళ్ళు ఉండి పోయినారు. ఆ నాలుగేసి నెలలూ నేను ఎంత సంతోషంగా ఉండినానో నీకేం తెలుసు," అంది.

నా రాత ఎప్పుడూ బాగుండదు. ఆ రోజు ఇంకా వంకర పోయింది. 'మా ముగ్గురు పిల్లలకు షుక్రియా. తరన్నుమ్, ఫిరోజ్, మార్కాపురం.'

మేస్త్రీ వచ్చి పెంకు అందుకున్నాడు. అతను పైకి తీసుకుపోయేలోగా బల్ల దగ్గరి అమ్మాయి ఆ అక్షరాల మీద ఫోను పెట్టి, అర్థం చదివి అవ్వకు చెప్పింది. అవ్వ ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని మూడు వేళ్ళు చూపిస్తూ ఏదో అంది. "ముగ్గురా! ఎంత అదృష్టవంతులు!" అని వచ్చింది తెలుగులో.

ఫోన్ వైపు చూశాను. మంచం మీద తరన్నుమ్ కళ్ళు తుడుచుకుని, అవ్వకు కనపడేటట్టు తనూ మూడు వేళ్ళు ఎత్తింది.

"అవును అవ్వా," అన్నాను. "ముగ్గురు."