లాక్కునే పద్ధతి

పిచ్చికుక్క అని ముద్ర వేస్తే చాలు, కర్ర ఎవరైనా ఎత్తుతారు. శారద రాసిన ప్రోగ్రాముకు కిషన్ రావు సారు అలాంటి ముద్రే వేశారు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'లాక్కునే పద్ధతి' అని రాశారు.

అది ఎనభై అయిదులో హనుమకొండలోని ఓ కాలేజీ. కంప్యూటర్ ఒక్కటే, దానికి ఆరు తెరలు. ఆరుగురి పనీ ఆ ఒక్కటే చెయ్యాలి. పాత ఏర్పాటులో ప్రతి ప్రోగ్రామూ కొంత పని చేసుకుని, తనంతట తానే పక్కదానికి చోటివ్వాలి. అలా చోటిమ్మనే వాక్యాన్ని ప్రోగ్రాం రాసేవాళ్లే గుర్తుపెట్టుకుని రాయాలి. దాన్ని సారు ముద్దుగా 'మర్యాద పద్ధతి' అనేవారు. లెక్చరర్ శారద ఏడాదిపాటు రాత్రింబవళ్లు కూర్చుని రాసింది వేరు. అందులో గడియారం ఎవరినీ అడగదు. సమయం కాగానే ఒకరి దగ్గర నుంచి కంప్యూటర్ని తీసి ఇంకొకరికి ఇస్తుంది.

శాఖకు పెద్ద సారే. ఆయన ఒప్పుకోకపోతే శారద ప్రోగ్రాం ఉన్న టేపు చెరిపేస్తారు. ఆ పేరు చూసి మిగతా లెక్చరర్లూ మొహం చిట్లించారు. కనీసం పేరైనా మార్చమని శారద బతిమాలింది.

సారుది ఉత్త మొండితనం కాదు. వాళ్ల నాయన రఘునాథపల్లి దగ్గర దున్నుతుండగానే దొర మనుషులు వచ్చి, కాడి విప్పి ఎడ్లను తోలుకుపోయారట.

"అడగకుంట గుంజుకునుడు మా ఇంట్ల చూసిన బిడ్డా. పిల్లలకు అది నేర్ప," అన్నారాయన. శారదకు కోపం వచ్చింది.

ఏ పద్ధతి ఉంచాలో తేల్చే రోజున మర్యాద పద్ధతిలో సారు స్వయంగా ఒక ప్రోగ్రాం రాసి నడిపించారు. కాసేపటికి ఆరు తెరలూ బిగుసుకుపోయాయి. వెతికితే తేలింది, చోటిమ్మనే వాక్యం రాయడం సారే మరిచిపోయారు. ఆయన ప్రోగ్రాం కంప్యూటర్ని పట్టుకుని వదలడం లేదు. మిగతా అయిదుగురు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

శారద తన టేపు ఎక్కించి, సారు ప్రోగ్రామునే మళ్లీ నడిపింది. అది అలాగే తిరుగుతూనే ఉంది, అయినా మిగతా అయిదు తెరల మీదా అక్షరాలు పారాయి. తాను రాసిందే అయినా శారదకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆ గడియారం రెప్పపాటులో ఒక్కొక్కరినీ ఆపుతోంది, ఆపినచోటే, లెక్కలోని అంకె జారకుండా మళ్లీ నిలబెడుతోంది. ఆగిన సంగతి ఆగినవాళ్లకే తెలియదు. ఇంత న్యాయం తన చేతుల మీదుగా జరుగుతోందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

సారు ముందుకు వంగి ఒక్కో తెరా చూశారు.

"తీస్కున్నది తిరిగి ఇస్తాందా?" అని మెల్లగా అడిగారు.

"ప్రతిసారి ఇస్తాంది సార్. ఏడ ఆపిందో ఆడికెల్లే."

సారు లేచి నల్లబల్ల తుడిచి, సుద్దముక్క ఆమె చేతిలో పెట్టారు. శారద 'వంతుల పద్ధతి' అని రాసింది. ఆయన దాన్ని చదువుకుని, వచ్చి తన కుర్చీలో కూలబడ్డారు.

"దొరను తిట్టుకుంటనే కంప్యూటర్ వట్టుకోని దొర లెక్క కూసున్న బిడ్డా," అన్నారు. "లేపెటోడు లేకపాయె."