మరియా వేసిన కొసరు

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మన్నాన్ సెల్ దుకాణం ముందు లక్ష్మమ్మ కూరగాయల గంపలు పెట్టుకుని కూర్చోబట్టి ఎనిమిదేళ్లు. దుకాణం వయసూ అంతే. ఎవరు ముందొచ్చారన్నది ఇప్పటికీ తేలని తగాదా. "నా దుకాణానికి అడ్డం కూసున్నవ్ అవ్వా" అని అతనూ, "నా గంపలెన్క దుకాణం వెట్టింది నువ్వు" అని ఆమే రోజుకొక్కసారైనా అనుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోదు. అలాగని గౌడవెల్లి నుంచి ఆటోలో దిగే ఆ ముసలామెకు పొద్దుటి చాయ్ మన్నాన్‌దే. సాయంత్రం గంపలో మిగిలిన కొత్తిమీర కట్ట మన్నాన్ ఇంటిదే.

స్నేహం బాగానే ఉంది గానీ దుకాణమే బాగాలేదు. రెండు వేల పదమూడు వచ్చేసరికి ఆ వరసలో సెల్ దుకాణాలు ఏడయ్యాయి. ఏడుగురూ కోఠీ హోల్‌సేల్ బజారులో అవే చార్జర్లు, అవే ఇయర్‌ఫోన్లు తెచ్చి అవే మేకులకు వేలాడదీసేవాళ్లు. ఎవడు రూపాయి తగ్గిస్తే గిరాకీ వాడిది. డిసెంబరులోపు దుకాణం పుంజుకోకపోతే షట్టర్ దించేసి, సుచిత్ర చౌరస్తాలో బావ ముజమ్మిల్ చికెన్ సెంటర్‌లో కత్తి పట్టాలని ఇంట్లో మాటైపోయింది. మన్నాన్‌కు కోడికూర ఇష్టమే. కోడి తనవైపు చూస్తేనే కష్టం. సర్క్యూట్ బోర్డు మీద వెంట్రుకంత తీగను అతికించే చేతులవి. వాటిని తీసుకెళ్లి కోళ్లకు అప్పజెప్పాలన్న తలపుకే అతనికి నిజంగా ఏడుపొచ్చేది.

ఈ వరసలో ఎవరి దగ్గరా లేని సరుకు ఒక్కటి తెస్తే చాలనుకున్నాడు. వైరు లేకుండా ఫోన్లో పాటను పాడే బుల్లి స్పీకర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. కోఠీ డీలర్లు చెప్పే ధరకు కొంటే మిగిలేది దుమ్మే. అందుకని ఇంటర్నెట్‌లో వెతికి వెతికి నేరుగా చైనాలో, షెంజెన్‌లో ఒక ఫ్యాక్టరీని పట్టాడు. అక్కడ అమ్మకాలు చూసే అమ్మాయి పేరు మరియా. అసలు పేరు వేరే ఉందట. పరదేశాల వాళ్లకు నోరు తిరగదని ఈ పేరు పెట్టుకుందట. ప్రతి మాటకూ ముందు "డియర్ ఫ్రెండ్" అని రాస్తుంది. చివర ఒక నవ్వు ముఖం బొమ్మ పెడుతుంది. ధర మాత్రం తగ్గించదు.

శాంపిల్ వచ్చిన రోజు మన్నాన్ ఆ గుప్పెడు డబ్బాను లక్ష్మమ్మ గంప పక్కన పెట్టి మీట నొక్కాడు. లోపలినుంచి ఓ ఆడగొంతు ఇంగ్లీషులో దబాయించింది. లక్ష్మమ్మ తక్కెడ వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఎవరురా గది? మనమీద గంత కోపమేంది?"

"ఎవరు లేరవ్వా. తయారుగున్న, ఫోన్ కలుపు అంటాంది, గంతే."

"తయారుగుంటె మంచిగ జెప్పొచ్చు గద! పోలీసామె లెక్క గదుముడేంది?"

మూడు వందల డబ్బాలకు తక్కువైతే ఫ్యాక్టరీ అమ్మదు. అంత డబ్బు ఒక్కడి దగ్గర లేదు. బడిలో పక్కన కూర్చున్న హరీష్ సగం పెడతానన్నాడు. హరీష్‌వాళ్లకు గౌడవెల్లిలో పొలాలు. వాళ్ల నాయిన చక్రపాణి సగం పొలం అమ్మి, ఆ డబ్బుతో ఊళ్లకూళ్లు ప్లాట్లు చేస్తున్నాడు. డబ్బాకు ఎనిమిది డాలర్లు, డాలర్‌కు అరవై రూపాయలు. "అడిగినంత ఇచ్చి జల్దీ తెప్పిద్దాం భాయ్" అన్నాడు హరీష్. మన్నాన్ ఒప్పుకోలేదు. చెప్పిన ధరకు కొనడమంటే మేడ్చల్‌లో పుట్టినవాడికి నామోషీ.

బేరం మొదలైంది. పొద్దున షట్టర్ ఎత్తగానే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. పక్క ఫ్యాక్టరీవాళ్లు ఆరున్నరకే ఇస్తామంటున్నారని ఒక అబద్ధం వేశాడు. "చాలా సంతోషం డియర్ ఫ్రెండ్, వాళ్ల దగ్గరే కొనండి" అని మరియా నవ్వు ముఖం పెట్టింది. చీరల దుకాణంలో ఆడవాళ్లు లేచి వెళ్లిపోతున్నట్టు నటిస్తారే, అలా ఒకరోజు మాట మధ్యలో కంప్యూటర్ కట్టేశాడు. వెనక్కి పిలుస్తుందని రోజంతా నల్లటి తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు తెరిస్తే, "గుడ్ మార్నింగ్ డియర్ ఫ్రెండ్, మీ ఊళ్లో వానలు పడుతున్నాయా?" అని ఉంది. పిలవనూ లేదు, అలగనూ లేదు. అయినా మనవాడు వదల్లేదు. ఐదు సెంట్లు, పది సెంట్లు గీకి గీకి ఇరవై రెండు రోజుల్లో ధరను ఏడుంపావుకు దించాడు. ఆ సాయంత్రం లక్ష్మమ్మకు సమోసా కూడా తినిపించాడు.

గురువారం నాడు హరీష్ బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా ఫోన్లో లెక్క వేసి చూపించాడు. "నువ్వు బేరమాడుకుంట కూసున్నవ్. గీ ఇరవై రెండు దినాల్ల మన రూపాయి పడిపోయింది. అరవై ఉన్న డాలర్ గిప్పుడు అరవయ్యారు. నాడు డబ్బా నాలుగొందల ఎనభై. ఇయ్యాల నాలుగొందల డెబ్భై ఎనిమిదిన్నర. ఇరవై రెండు దినాలు కొట్లాడి నువ్వు మిగిలిచ్చింది రూపాయిన్నర!"

ఆ రూపాయిన్నరలో కరెంటు బిల్లు తీసేస్తే ఏమీ మిగలదని మన్నాన్‌కూ తెలుసు.

"మా నాయిన నాగారంల ప్లాటుకు బయానా ఇస్తాండు. నా పైసలు గూడ అండ్లనే వెట్టమంటాండు" అని హరీష్ గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు రా. శనివారందాక జూస్త. గా ధరకు తెస్తే కోఠీవాళ్లను కొట్టలేం."

హరీష్ తప్పేమీ లేదు. అదే మన్నాన్‌కు ఎక్కువ బాధ. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు. శుక్రవారం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని గంపల పక్కన కూలబడి, జరిగిందంతా లక్ష్మమ్మకు చెప్పాడు. "ఇగ పైస దిగదట అవ్వా. దిగితె గా ఫ్యాక్టరీ సేటు ఏడుస్తడట. నాకు కోళ్లే రాసిపెట్టున్నయ్."

లక్ష్మమ్మ అప్పుడే ఒకామెకు కిలో టమాటలు తూచి, రెండు పచ్చిమిరపకాయలు, చిన్న కరివేపాకు రెబ్బ పైన పడేసింది. కొన్నామె నవ్వుకుంటూ పోయింది.

"ధర దిగకుంటె కొసరడుగు" అంది లక్ష్మమ్మ.

"చైనోళ్లు కొసరెట్లేస్తరవ్వా?"

"వాళ్లు మాత్రం బజారుకు పోరా? అడుగు."

అడిగితే పోయేదేముంది? మా ఊళ్లో బేరం కుదిరాక అమ్మినవాళ్లు కొంచెం పైన వేస్తారు, దాన్ని కొసరంటారు, మీరేం వేస్తారని రాశాడు. మరియా మూడు డబ్బాలు ఉచితంగా ఇస్తానంది. మన్నాన్ ఎగిరి గంతేసినంత పనిచేసి లక్ష్మమ్మకు చెప్పాడు. ఆమె మొహం చిట్లించింది.

"వంకాయలు కొన్నోళ్లకు వంకాయలే కొసరేస్తరా? గట్లయితె నేనెప్పుడో మునిగిపోదును. కర్యేపాకు మా పెరట్ల ఊకెనే పెరుగుతది. నాకు పైస ఖర్చు లేదు. కొన్నామెకు మాత్రం ఇల్లు జేరేదాక సంబురం. గసుంటిది అడుగు. గామెకు బరువు గావొద్దు, నీకు పనికి రావాలె."

అలాంటిది ఫ్యాక్టరీలో ఏముంటుంది? ఆలోచిస్తూ మన్నాన్ శాంపిల్ డబ్బా మీట ఊరికే నొక్కాడు. ఆడగొంతు ఎప్పటిలాగే గదిమింది. లక్ష్మమ్మ ఎప్పటిలాగే ఉలిక్కిపడి, "ఓ పోలీసామె, జర నోరు మూస్కో!" అంది.

మన్నాన్ చాయ్ గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

డబ్బాలో గొంతు మార్చి మా భాషలో పెడతారా అని అడిగాడు. వెయ్యి డబ్బాలు కొన్నవాళ్లకే ఆ పని చేస్తామని మరియా రాసింది. ఇది కొసరు, దీనికి మీ సేటుకు పైసా ఖర్చు లేదని మన్నాన్ రాశాడు. మధ్యాహ్నం జవాబొచ్చింది. "మా అమ్మ కూడా సంతలో ఉల్లికాడలు వేయించుకోకుండా ఇంటికి రాదు డియర్ ఫ్రెండ్. రేపు మా మధ్యాహ్నంలోగా గొంతు పంపండి." వాళ్ల మధ్యాహ్నం అంటే మనకు పొద్దున తొమ్మిదిన్నర.

గొంతు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి షురూ చేశారు. మాటలు లక్ష్మమ్మవే, మన్నాన్ ఒక్క అక్షరం దిద్దలేదు. చిక్కల్లా గిరాకీతోనే. "ఒచ్చినవా..." అని ఆమె మొదలుపెట్టగానే ఎవరో "టమాట ఎట్లిస్తున్నవ్?" అనేవారు. "పావుకిలో పది!" అని ఆమె ఠకీమని జవాబిచ్చేది. రికార్డింగ్ మళ్లీ మొదటికొచ్చేది. అలా ఎనిమిదిసార్లైంది. ఇంతలో తన డబ్బు వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి హరీష్ వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే మన్నాన్ ఫోన్ అతని చేతిలో పెట్టి, లక్ష్మమ్మతో పాటు దుకాణంలోకి తోసి, తలుపు దగ్గరకేసి, తను గంపల ముందు కూర్చున్నాడు. ఆ పావుగంటలో కరివేపాకు మొత్తం కొసరు కిందే పంచేశాడు. దాని గురించి లక్ష్మమ్మ వారం రోజులు సాధించింది.

బయటికొచ్చాక హరీష్ ఫోన్‌ను శాంపిల్ డబ్బాకు కలిపి ఆ రికార్డింగును వినిపించాడు. "ఒచ్చినవా బిడ్డా!" అంది డబ్బా, రోడ్డు అవతలికి వినపడేలా. "కలిసింది, ఇగ పాట వెట్టు" అంది. "ఆకలైతాంది, జర కరెంటు వెట్టు" అంది. "పోయిరా బిడ్డా, పైలం" అంది.

షామీర్‌పేట మనుషులను ఎక్కించుకుంటున్న ఆటో అతను ఇంజన్ ఆపేశాడు. "అన్నా, గా అవ్వ డబ్బా ఎంత?"

"ఇంక రాలే" అన్నాడు మన్నాన్.

"ఒస్తె నాకొకటి పక్కన వెట్టు. పైసలు గిప్పుడే ఇయ్యనా?"

హరీష్ ఆటోవైపు చూశాడు, డబ్బావైపు చూశాడు, చివరకు మన్నాన్‌వైపు చూశాడు. "కోఠీల గీ గొంతు దొరకదు గద రా?" అన్నాడు. "ప్లాటు యాడికి పోతది, తర్వాత జూస్కుందాం. పంపు జల్దీ, తొమ్మిదిన్నరైతాంది!"

మూడు వారాల తర్వాత మరియా నుంచి కబురొచ్చింది. డబ్బాలు తయారయ్యాయట. పెట్టెల్లో సర్దేముందు ఒక్కొక్కటీ మీట నొక్కి చూడాలి కాబట్టి, రెండు రోజులుగా ఫ్యాక్టరీలో అవ్వ గొంతే మోగుతోందట. పరీక్ష చేసే అమ్మాయిలకు మొదటి మాట నోటికొచ్చేసిందట. పొద్దున పనికి రాగానే ఒకరితో ఒకరు అదే అనుకుంటున్నారట. "దాని అర్థమేమిటని అడుగుతున్నారు డియర్ ఫ్రెండ్."

ఇంటికొచ్చిన పిల్లల్ని పెద్దవాళ్లు అలా పలకరిస్తారని మన్నాన్ రాశాడు.

ఈసారి నవ్వు ముఖం రాలేదు. "వీళ్లంతా దూరపు ఊళ్లవాళ్లు. ఏడాదికొకసారే ఇంటికెళ్తారు. నేనూ అంతే" అని రాసింది. ఆ కిందే ఇంకో ముక్క రాసింది. "పిల్లలు తిరిగి ఏమంటారు?"

మన్నాన్ ఇంగ్లీషు అక్షరాల్లో ఆ జవాబు రాసి పంపాడు. తర్వాత ఓడ ఎప్పుడొస్తుందన్న పరేషాన్‌లో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

దీపావళి వెళ్లిన వారానికి సరుకు దిగింది. ఆటో అతనొక్కడే వస్తాడనుకుంటే, వెంట స్టాండు మొత్తాన్నీ తెచ్చాడు. బేరమాడినవాళ్లు లేరని కాదు. ధర దించమంటే మన్నాన్ దించలేదు, మీట నొక్కి వినిపించాడు. మొదటి ఆదివారానికే సగం పెట్టెలు ఖాళీ. బావ ముజమ్మిల్ సుచిత్ర నుంచి వచ్చి, చికెన్ సెంటర్‌కు ఒకటీ ఇంటికొకటీ కొన్నాడు. "నువ్వు కోళ్ల కాడికి రాకు భాయ్, నీ దుకాణమే మంచిగున్నది" అని కౌగిలించుకుని మరీ వెళ్లాడు. మన్నాన్ లోపలికెళ్లి మొహం కడుక్కునే వంకతో కళ్లు తుడుచుకున్నాడు. ఈ చేతులు ఇక తన చేతులే.

చివరి పెట్టె అడుగున గులాబీరంగు కాగితంలో చుట్టిన డబ్బా ఒకటి విడిగా కనిపించింది. లెక్కలో లేనిది. దానిమీద ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు: అవ్వకు, కొసరు.

మన్నాన్ దాన్ని తీసుకెళ్లి లక్ష్మమ్మ చేతిలో పెట్టాడు.

"నాకెందుకురా? నా గొంతు నేను రోజు వింటలేనా?"

"ఒక్కపారి నొక్కు అవ్వా."

ఆమె బొటనవేలితో మీట నొక్కింది. లోపల ముందు కిచకిచ నవ్వులు వినిపించాయి. ఎవరో "ష్" అన్నారు. ఆపైన ఇరవై ముప్ఫై మంది ఆడపిల్లలు, తెలుగు ఎన్నడూ పలకని నోళ్లతో, వంకర టింకరగా ఒక్కసారే అరిచారు.

"ఒచ్చినం అవ్వా!"

టమాటలకు వచ్చినామె చేతి సంచి అలాగే పట్టుకుని నిలబడింది. లక్ష్మమ్మ తక్కెడ కింద పెట్టి, డబ్బాను రెండు చేతులతో ముఖం దగ్గరకు తెచ్చుకుంది.

"అన్నం దిన్నరా బిడ్డా?" అని అడిగింది.

"అది వినదవ్వా" అన్నాడు మన్నాన్.

"నువ్వు రాయి మరి. తిన్నరో లేదో అడుగు. జల్దీ పో!"

దుకాణంలో నలుగురు గిరాకీలు నిలబడి ఉన్నారు. మన్నాన్ వాళ్లను ఆగమని చెప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.